పదికి సున్నా: ఒక విమర్శ వివాదం, దాని చరిత్ర

విమర్శకుడు తీర్పరి కావాలా, వివేచకుడు కావాలా అన్న చర్చ మన సాహిత్యంలో పాతదే. గుణదోష విచారణ చాలునన్నవారూ, రచనను దాని సామాజిక భూమికలో పెట్టి చూడందే విమర్శ పూర్తి కాదన్నవారూ చాలాకాలంగా తగాదా పడుతూనే ఉన్నారు. అయితే ఆ రెండు పక్షాలవారూ ఒక కావ్యానికి పదికి ఇన్ని అని మార్కులు వేసి చేతులు దులుపుకోలేదు. పాశ్చాత్య సంగీత విమర్శలో ఆ పని జరిగింది. 2004లో అమెరికాలో ఒక స్వతంత్ర సంస్థ విడుదల చేసిన ఆల్బమ్‌కు ఒక విమర్శ పత్రిక పదికి సున్నా వేసింది. ఉత్త సున్నా అని ఊరుకోక, దశాంశ బిందువు పెట్టి మరీ 0.0 అని అచ్చువేసింది. ఆ సున్నా న్యాయమా అన్యాయమా అని శ్రోతలు వర్గాలుగా చీలి వాదించుకున్నారు. ఆ వాదంలో మన విమర్శకూ పనికివచ్చే సంగతులు కొన్ని ఉన్నాయని నా అభిప్రాయం.

నేను సంగీతశాస్త్రం చదివినవాణ్ణి కాను, తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. కాని ఏటా పదో తరగతి జవాబు పత్రాలు దిద్దేవాడిగా మార్కు ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో నాకు కొంత తెలుసు. ఆ ఎరుకతోనే ఈ చరిత్ర జోలికి వచ్చాను.

'ఇండీ' అనే మాట 'ఇండిపెండెంట్'కు కురచరూపం. మొదట అది ఒక సంగీతశైలికి పేరు కాదు, ఒక ఉత్పత్తి విధానానికి పేరు. రికార్డు తయారీ, పంపిణీ, ప్రచారం నాలుగైదు పెద్ద కంపెనీల గుప్పిట్లో ఉన్న రోజుల్లో, ఆ గుప్పిటి బయట పాట తయారుచేయవచ్చని కొందరు చేసి చూపించారు. ఇంగ్లండులోని మాంచెస్టర్ బృందం బజ్‌కాక్స్ 500 పౌండ్లు అప్పు తెచ్చి, 1977 జనవరిలో నాలుగు పాటల రికార్డును సొంతంగా విడుదల చేసింది. ఏ పాటను ఎన్నో ప్రయత్నంలో రికార్డు చేశారో కూడా అట్ట మీద అచ్చువేశారు. పాట ఆకాశం నుంచి ఊడిపడదు, మనుషులు చేస్తే తయారవుతుంది, మీరూ చేయవచ్చు అని శ్రోతకు చెప్పడమే అది. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో 1980లో కొందరు కుర్రవాళ్ళు డిస్కార్డ్ అనే సంస్థ పెట్టి, తమ ఊరి బృందాల పాటలను తామే విడుదల చేశారు. ఇటువంటి సంస్థలు ఊరూరా పుట్టాయి. వాటికి ప్రకటనల డబ్బు లేదు. ఉన్నవల్లా కళాశాల రేడియోలు, చిన్న దుకాణాలు, అభిమానులు నడిపే పత్రికలు మాత్రమే.

కనుక ఈ రంగంలో విమర్శకుడి మాటకు మొదటినుంచీ అసాధారణమైన బరువుంది. పెద్ద కంపెనీ రికార్డును పత్రిక తిట్టినా రేడియో మోగిస్తుంది, బజారు అమ్ముతుంది. చిన్న సంస్థకు ఆ ఆసరా లేదు.

ఇక మార్కుల చరిత్ర. జాజ్ పత్రికలు 1940లలోనే రికార్డులకు రేటింగులు వేస్తూ ఉండేవి. అదే కాలంలో లియొనార్డ్ ఫెదర్ అనే విమర్శకుడు ఇంకొక పరీక్ష కనిపెట్టాడు. సంగీతకారుణ్ణి కూర్చోబెట్టి, వాయించినవారి పేరు చెప్పకుండా రికార్డు వినిపించి, అభిప్రాయం అడిగేవాడు. ఈ 'కళ్ళగంతల పరీక్ష' 1946లో మెట్రొనోమ్ పత్రికలో మొదలై, 1951 నుంచి డౌన్‌బీట్‌లో సాగింది. మా పత్రాల మీద పిల్లవాడి పేరు లేకుండా కోడ్ నంబరు వేయడం వంటిదే ఇది. పేరు చూసి మెచ్చుకోవడం, పేరు చూసి కొట్టివేయడం తప్పాలన్నది దాని ఉద్దేశం. విమర్శ చరిత్రలో ఇది నిజాయితీ గల ప్రయత్నమని నేననుకుంటాను.

1969లో న్యూయార్కులోని విలేజ్ వాయిస్ పత్రికలో రాబర్ట్ క్రిస్ట్‌గౌ 'కన్స్యూమర్ గైడ్' అనే శీర్షిక ప్రారంభించి, బడిలో వేసినట్టుగా ఏ, బీ, సీ అని గ్రేడులు వేశాడు. శీర్షిక పేరు చూడండి. శ్రోత ఇక్కడ వినియోగదారుడు, పాట సరుకు. అయితే క్రిస్ట్‌గౌ ప్రతి గ్రేడుకూ పక్కన చిక్కని వాక్యాలు నాలుగైదు రాసేవాడు. గ్రేడుతో పోట్లాడదలచినవాడికి ఆ వాక్యాలు ఆధారంగా ఉండేవి. పోట్లాడినవారూ ఉన్నారు. లూ రీడ్ అనే గాయకుడు 1978లో విడుదలైన కచేరీ రికార్డులో, వేదిక మీదనుంచే క్రిస్ట్‌గౌను పేరుపెట్టి బూతులు తిట్టాడు. క్రిస్ట్‌గౌ ఆ రికార్డును కూడా సమీక్షించి, తన పేరును సరిగ్గా ఉచ్చరించినందుకు కృతజ్ఞత చెప్పి, సీ ప్లస్ వేశాడు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి పడిన జగడమది. అందులో ఎవరూ నోరులేనివారు కారు.

1990ల మధ్యలో మినియాపొలిస్ ప్రాంతంలో రయన్ ష్రైబర్ అనే కుర్రవాడు తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ప్రారంభించిన పత్రిక పిచ్‌ఫోర్క్. అదీ స్వతంత్రంగా పుట్టినదే, స్వతంత్ర సంగీతం కోసం పుట్టినదే. అది సున్నా నుంచి పది దాకా, మధ్యలో దశాంశాలతో మార్కులు వేసింది. అంటే నూటొక్క మెట్లు! 7.8కీ 7.9కీ తేడా ఏమిటో చెప్పే శాస్త్రం ఏదీ లేదు. కాని దశాంశ బిందువుకు ఒక మహిమ ఉంది. అభిప్రాయాన్ని అది కొలతలాగా కనబడేటట్టు చేస్తుంది. జ్వరం 101.4 అన్నట్టుగా ఆల్బమ్ 7.8 అంటే, థర్మామీటరు ఎక్కడుందని ఎవరూ అడగరు.

2004 సెప్టెంబరులో ఈ పత్రిక రెండు ఆల్బమ్‌లకు మార్కులు వేసింది. మొదటిది మాంట్రియల్‌కు చెందిన ఆర్కేడ్ ఫైర్ బృందం చేసిన 'ఫ్యూనరల్'. విడుదల చేసింది మెర్జ్ అనే చిన్న సంస్థ. మార్కు 9.7. జనం ఎగబడ్డారు, అడిగినన్ని కాపీలు సరఫరా చేయలేక సంస్థ ఉక్కిరిబిక్కిరైంది. రెండోది ట్రావిస్ మారిసన్ చేసిన 'ట్రావిస్తాన్'. విడుదల చేసింది సియాటిల్‌లోని బార్సుక్ అనే మరొక చిన్న సంస్థ. మార్కు 0.0.

మారిసన్ అనామకుడు కాడు. వాషింగ్టన్‌లోని డిస్మెంబర్‌మెంట్ ప్లాన్ బృందానికి గాయకుడు. ఆ బృందం ఒక పెద్ద కంపెనీ డబ్బుతో ఒక ఆల్బమ్ తయారుచేసింది. ఇంతలో, 1998లో, మద్యం వ్యాపారంతో పెరిగిన సీగ్రమ్ సంస్థ పాలీగ్రామ్‌ను కొనడంతో కంపెనీలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఆ కలగాపులగంలో బృందం వీధిన పడింది. చివరికి ఆ ఆల్బమ్‌ను 1999లో వాషింగ్టన్ ప్రాంతపు చిన్న సంస్థ డిసోటో విడుదల చేసింది. పిచ్‌ఫోర్క్ దానికి 9.6 వేసి, ఆ ఏటి మేటి ఆల్బమ్ అన్నది. 2003లో బృందం విడిపోయింది. మరుసటి ఏడు మారిసన్ ఒంటరిగా చేసిన మొదటి ప్రయత్నం 'ట్రావిస్తాన్'.

అది పెద్ద ఆశ పెట్టుకున్న ఆల్బమ్. నాణేల మీద బొమ్మలై కూర్చున్న అమెరికా అధ్యక్షుల నోట పలికించిన చిన్న పాటలు నాలుగు అందులో అక్కడక్కడా వస్తాయి. నన్ను ఈ నాణెం మీదనుంచి దించండి అన్నదే వాటి పల్లవిభావం. చావు గురించీ, దొంగలు కొట్టిన దెబ్బల గురించీ, గోడమీది చే గువేరా బొమ్మ గురించీ పాటలున్నాయి. హాస్యం, దుఃఖం, రాజకీయం ఒకే సంచిలో వేసి కుక్కాడు. అది అతికిందా లేదా అన్నదే అసలు ప్రశ్న. పిచ్‌ఫోర్క్ సమీక్షకుడు అతకలేదన్నాడు. అంతటితో ఆగక, ఈ కళాకారుడు అసలేమి సాధించదలచాడో ఊహించడమే కష్టంగా ఉందన్నాడు.

తర్వాత జరిగినది సంస్థవారూ గాయకుడూ పత్రికలవారికి చెప్పినదే. అంతకుముందు ఉత్సాహం చూపిన కళాశాల రేడియోలు వెనక్కి తగ్గాయి. ఒక దుకాణం ఆల్బమ్‌ను అమ్మకానికి పెట్టడానికే ఒప్పుకోలేదు. తన పట్ల జనం చూపు రాత్రికి రాత్రే మారిపోయిందని మారిసన్ 2006లో వాషింగ్టన్ పోస్టుతో అన్నాడు.

శ్రోతల వాదాలను మూడు పక్షాలుగా చూడవచ్చు. మొదటి పక్షం సున్నా అన్యాయమన్నది. సున్నా అంటే వినదగిన క్షణం ఒక్కటీ లేదని అర్థం, అది నమ్మదగిన మాట కాదు, పైగా ఆసరా లేని చిన్నవాడి మీద ఇంత దెబ్బా అన్నది. రెండో పక్షం విమర్శకుడి స్వేచ్ఛను సమర్థించింది. 9.6 వేసిననాడు కళ్ళకద్దుకున్నారు కదా, 0.0 వేసిననాడు మాత్రం లెక్క అడుగుతారేం అన్నది. మూడో పక్షం సమీక్షకుణ్ణి వదిలిపెట్టి, ఆ అంకె చూసి తమ చెవులు మూసుకున్న రేడియోలనూ దుకాణాలనూ నిలదీసింది.

మొదటి పక్షం మీద నాకు సానుభూతి ఉంది, కాని దాని వాదంలో సగమే నిలుస్తుంది. చిన్నవాడు కనుక మెల్లగా కొట్టమనడం విమర్శ సూత్రం కాజాలదు. ఈ విషయం మనకు బాగా తెలియాలి. మనవాడి పుస్తకానికి ముందుమాట మనమే రాసి, ఆవిష్కరణ సభలో మనమే మాట్లాడి, సమీక్ష కూడా మనమే రాసే అలవాటు అభ్యుదయ శిబిరంలో లేదని ఎవరూ అనలేరు. ఆ ఔదార్యం వల్ల ఏ కవీ పెరగలేదు.

రెండో పక్షం అడిగిన ప్రశ్న గట్టిది. 9.6కు లేని సంజాయిషీ 0.0కు ఎందుకు? నిజమే, రెండింటికీ ఉండాలి. రెండూ ఒకే జబ్బు. కాని విమర్శకుడి స్వేచ్ఛ పేరుతో ఈ పక్షం ఒక సంగతి దాటవేసింది. కళాకారుడు ఏమి చేయదలచాడో తెలియడం లేదన్న చోట విమర్శ మొదలు కావాలి. అధ్యక్షుణ్ణి నాణెం మీదనుంచి ఎందుకు దించమంటున్నాడు? ఆ ఊహను బాణీ మోయగలిగిందా? హాస్యం దుఃఖాన్ని పలుచన చేసిందా? వీటికి జవాబులు వెతికి, అప్పుడు విఫలమైందంటే ఎవరూ కాదనలేరు. కాదనదలచినవాడు పాట పట్టుకుని వాదిస్తాడు. 0.0ను పట్టుకుని ఏమి వాదిస్తాడు?

పరీక్ష పత్రాలు దిద్దే గదిలో నేను చూసేది ఇదే. ప్రశ్నకు తనదైన దారిలో జవాబు వెతికి దారి తప్పిన పిల్లవాడికీ సున్నా పడవచ్చు, తెల్లకాగితం ఇచ్చి వెళ్ళినవాడికీ సున్నాయే. ఫలితాల పట్టికలో ఆ రెండు సున్నాలూ ఒకేలా ఉంటాయి. తేడా తెలిసేది జవాబు చదివినవాడికి మాత్రమే. తేడా చెప్పడమే ఉపాధ్యాయుడి పని, పట్టిక నింపడం గుమస్తా పని. ఆ సమీక్షలో వాక్యాలు లేకపోలేదు, ఉన్నాయి. కాని వాక్యాలను ఎవరూ మోసుకుపోలేదు, సున్నాయే ఊరేగింది.

అందుకే మూడో పక్షం వాదం నాకు అన్నిటికన్నా సమంజసంగా తోస్తుంది. ఒక సమీక్షకుడి అభిప్రాయానికి అంతటి బలం ఎక్కడినుంచి వచ్చింది? పెద్ద కంపెనీల మాట విననని బయలుదేరిన రంగం, తన చెవిని తానే ఒక పత్రికకు తాకట్టుపెట్టింది. ఫెదర్ పరీక్షలో పేరుకు గంతలు కట్టి పాటకు చెవి ఒగ్గారు. ఇక్కడ పాటకు గంతలు కట్టి అంకెను చూశారు. దుకాణదారుకు వంద ఆల్బమ్‌లు వినే తీరిక లేకపోవచ్చు. ఆ తీరికలేమినే బజారు సొమ్ము చేసుకుంటుంది. మార్కు అక్కడ ధరల చీటీగా మారుతుంది.

ఆ తర్వాతి చరిత్ర కూడా ఈ మాటకే సాక్ష్యం. ఇదే పత్రిక 2003లో లిజ్ ఫెయిర్ అనే గాయని ఆల్బమ్‌కు 0.0 వేసింది. అది పెద్ద కంపెనీ విడుదల చేసినది. 2021లో పత్రిక తన పాత మార్కులు కొన్నిటిని సవరించుకుంటూ ఆ సున్నాను 6.0 చేసింది. పద్దెనిమిదేళ్ళలో ఆల్బమ్‌లో ఒక్క స్వరం మారలేదు, మారింది వినేవారి కాలం. పిచ్‌ఫోర్క్‌ను 2015లో కాండే నాస్ట్ అనే పెద్ద పత్రికా సంస్థ కొన్నది. 2024 జనవరిలో దాన్ని పురుషుల ఫ్యాషన్ పత్రిక జీక్యూ కిందికి చేర్చి, పలువురు ఉద్యోగులను తీసివేసింది. లాభం లెక్క వేసేవాడు ఆ విమర్శకుల సమీక్షలు చదివి తీర్పు చెప్పి ఉంటాడని నేననుకోను. వారికీ పడింది అంకెల తీర్పే. ఇందులో సంతోషించవలసింది ఏమీ లేదు. పాట గురించి తీరికగా రాసే చోటు ఇంకొకటి ఇరుకైపోయింది.

మారిసన్ విషయానికి వస్తే, సున్నా అతణ్ణి నేలమట్టం చేసిందనడం అతిశయోక్తి. 2007లో మరొక ఆల్బమ్ చేశాడు. పాత బృందం మళ్ళీ కలిసి 2013లో ఇంకొకటి విడుదల చేసింది. దెబ్బ తిన్నది కళాకారుడొక్కడే కాదు. 'ట్రావిస్తాన్' అతికిందా లేదా అన్న చర్చ పాటల మీద జరగవలసింది పోయి, సున్నా న్యాయమా కాదా అన్న చర్చగా మారిపోయింది. నష్టపోయింది శ్రోతలందరూ.

మన పత్రికల్లో మార్కులు లేవు కదా అని తృప్తి పడనక్కర లేదు. 'తప్పక చదవదగిన పుస్తకం', 'నిరాశపరచిన సంపుటి' అని ఒక్క ముక్కతో తేల్చే సమీక్షలు మార్కుల పట్టికలే, అంకె వేయలేదంతే. రచయిత ఏమి ప్రయత్నించాడో మొదట చెప్పాలి. ఎక్కడ తడబడ్డాడో ఆ పుట తెరిచి చూపాలి. పాఠకుడు మనతో విభేదించదలిస్తే అందుకు కావలసిన సరంజామా మన సమీక్షలోనే దొరకాలి. అప్పుడు ఎంత కఠినంగానైనా రాయవచ్చు.