లేటరల్ ఎంట్రీ: ఉప్పల్, నాచారం ప్రాంతంలో డిప్లొమా నుంచి బీటెక్‌కు

టెన్త్ తర్వాత పాలిటెక్నిక్‌లో మూడేళ్ల డిప్లొమా చదివి, ఈసెట్ రాసి, నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరడాన్ని లేటరల్ ఎంట్రీ అంటారు. హైదరాబాద్ తూర్పున ఉప్పల్, నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడల చుట్టుపక్కల ఈ చదువుకు కావలసినవన్నీ దగ్గరలోనే ఉన్నాయి. రామంతాపూర్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ప్రభుత్వ పాలిటెక్నిక్, తార్నాక పక్కన ఉస్మానియా విశ్వవిద్యాలయం, వరంగల్ రోడ్డులో ఘట్‌కేసర్ వైపు ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలు. పదిహేనేళ్ల పిల్లను హాస్టల్‌కు పంపకుండా ఇంట్లోనే ఉంచి ఇంజినీర్ని చేసుకునే వీలు కుటుంబానికి చిన్న విషయం కాదు.

పాలిటెక్నిక్ సీటుకు పాలిసెట్, బీటెక్ సీటుకు ఈసెట్. 2014లో రాష్ట్ర విభజన జరిగాక తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఈసెట్‌ను విడివిడిగా నిర్వహిస్తున్నాయి. డిప్లొమా విద్యార్థులకు పరీక్ష 200 మార్కులకు ఉంటుంది: గణితం 50, భౌతికశాస్త్రం 25, రసాయనశాస్త్రం 25, సొంత బ్రాంచి 100. అర్హతకు 25 శాతం మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీలకు ఈ కనీస పరిమితి లేదు. గణితంతో బీఎస్సీ చేసినవారికి వేరే పేపరు ఉంటుంది. ఐఐటీల బీటెక్‌లోకి మాత్రం ఈ దారి లేదు.

సీటు వచ్చాక అసలు ప్రభావం రెండు చోట్ల కనిపిస్తుంది. మొదటిది బ్రాంచి. సివిల్ డిప్లొమా చేసినవారు ఈసెట్‌లోనూ సివిల్ పేపరే రాయాలి, సీటూ దానికి సంబంధించిన బ్రాంచిలోనే దొరుకుతుంది. అంటే టెన్త్ అయిన వేసవిలో, చాలాసార్లు ఇంట్లో పెద్దలో పక్కింటివాళ్లో చెప్పిన మాట మీద పెట్టిన వెబ్ ఆప్షన్, ఆరేళ్ల తర్వాత చేతికొచ్చే పట్టాను నిర్ణయిస్తుంది. ఈ పద్ధతిలో అన్నిటికంటే బరువైన సంగతి ఇదే. పాలిసెట్ కౌన్సెలింగ్ నాడే పిల్లలకు దీన్ని విప్పి చెప్పాలి.

రెండోది వదిలేసిన మొదటి సంవత్సరం. ఇంటర్ నుంచి వచ్చినవారు ఆ ఏడాది గణితం, ప్రోగ్రామింగ్ పునాదులు చదువుకుంటారు. డిప్లొమా నుంచి వచ్చినవారికి వర్క్‌షాపు, డ్రాయింగ్, యంత్రాల మీద చెయ్యి తిరిగి ఉంటుంది కానీ, రెండో సంవత్సరం గణితం మొదట్లో కష్టపెడుతుంది. తెలుగు మీడియంలో టెన్త్ చదివినవారికి ఆ కష్టం ఇంకొంచెం ఎక్కువ. తెలివి తక్కువై కాదు, ఆ పాఠం వాళ్లకు ఎవరూ చెప్పకపోవడం వల్ల. చేరే ముందు వేసవిలో మొదటి సంవత్సరం పుస్తకాలు తిరగేస్తే తేడా చాలావరకు తగ్గుతుంది.

పై చదువులకు ఈ దారి అడ్డు కాదు. గేట్ రాయడానికి, ఎంటెక్‌లో చేరడానికి బీటెక్ పట్టా ఉంటే చాలు. అది ఏ సంవత్సరంలో చేరి సంపాదించినదని అడగరు. అమెరికాలో ఎంఎస్‌కు చాలా విశ్వవిద్యాలయాలు 16 ఏళ్ల చదువు చూస్తాయి. ఇంటర్ దారిలో అది పది, రెండు, నాలుగు. డిప్లొమా దారిలో పది, మూడు, మూడు. మొత్తం ఒక్కటే. అయితే బీటెక్ మార్కుల పత్రంలో మొదటి సంవత్సరం ఉండదు, గ్రేడ్ల సగటు ఆరు సెమిస్టర్లదే. అందుకే దరఖాస్తుతో డిప్లొమా మార్కుల మెమోలు కూడా జతచేయాలి.

కాలిఫోర్నియాలోని కమ్యూనిటీ కళాశాలల దారి ఇంకోలా ఉంటుంది. అక్కడ రెండేళ్లు చదివినవారు విశ్వవిద్యాలయం మూడో ఏడాదిలో చేరతారు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు చెందిన ఆరు క్యాంపస్‌లు నిర్ణీత గ్రేడ్లు, కోర్సులు పూర్తిచేసినవారికి ముందే సీటు హామీ ఇస్తాయి. బర్క్‌లీ, లాస్ ఏంజెలిస్, శాన్ డియాగో ఇవ్వవు. ఇక్కడ అలాంటి హామీ లేదు, డిప్లొమాలో ఎన్ని మార్కులొచ్చినా ఈసెట్ ర్యాంకే సీటు తెస్తుంది.