ఫోను ఫ్లాషూ, పిల్లికన్నూ

దసరాకి మొగుళ్లపల్లి వెళ్ళినప్పుడు చుట్టాల పిల్లల దగ్గర నాకో పేరుంది, 'లైటు మామ' అని. బతుకమ్మ పేర్చే చోట పిల్లల్ని వరసగా నిలబెట్టి, ఫోనులో ఫ్లాషు వేసి మరీ ఫొటో తీస్తాను. "మామా, ఆ లైటు బందు చెయ్యే, మొఖాలు సున్నం కొట్టినట్టు వస్తున్నయ్" అని వాళ్ళ గోల. వాళ్ళన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. ఇప్పటి ఫోన్లు అమావాస్య చీకట్లో కూడా ఫ్లాషు లేకుండా బ్రహ్మాండంగా తీస్తాయి. సాఫ్టువేరు ఉద్యోగం చేస్తూ ఆ మాత్రం తెలీదా అని ఆఫీసులో కూడా నవ్వుతారు. తెలుసు. అయినా వేస్తాను. ఎందుకో చెప్పాలంటే ఓ నూటయాభై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. కాస్త ఓపిక పట్టండి :-)

నిజాం దగ్గర ఫొటోగ్రాఫరుగా చేసిన రాజా దీన్ దయాళ్ పేరు వినే ఉంటారు. 1880లలో మా వైపు వచ్చి హనుమకొండ వేయిస్తంభాల గుడిని కూడా ఫొటో తీశాడు. అప్పటి ఫొటోగ్రాఫర్లకి ప్రధానమైన దీపం సూర్యుడే. పొద్దుగూకితే పెట్టె సర్దుకోవడమే. 1864లో ఇంగ్లండులో మెగ్నీషియం తీగ వెలిగించి ఆ వెలుగులో మనిషి ఫొటో తీశారు. 1887లో జర్మనీలో మీతె, గెడికె అనే ఇద్దరు మెగ్నీషియం పొడిలో ఇంకో రెండు రసాయనాలు కలిపి గుప్పున మండే ఫ్లాషు పౌడరు చేశారు. ఓ రకంగా దీపావళి మందే. న్యూయార్కు మురికివాడల చీకటి గదుల్ని ఈ పౌడరుతోనే లోకానికి చూపించిన జేకబ్ రీస్, ఆ పనిలో రెండుసార్లు ఇంటికీ ఒకసారి తనకీ నిప్పంటించుకున్నాడట! 1930 ప్రాంతాల్లో ఆ మంటని గాజుబుడ్డిలో బంధించారు. ఒక బుడ్డి, ఒక ఫొటో, తర్వాత చెత్తబుట్ట. ఆ దశకంలోనే అమెరికాలో ఎమ్ఐటీలో హెరాల్డ్ ఎడ్జర్టన్ అనే ఆయన, గ్యాసు నింపిన గొట్టంలోకి కెపాసిటర్లో దాచిన కరెంటుని ఒక్కసారిగా వదిలితే అదే గొట్టం వేలసార్లు మెరుస్తుందని చూపించాడు. మనం ఎరిగిన కెమెరా ఫ్లాషుకి తాత అదే.

మా చిన్నప్పుడు పెళ్ళిళ్ళకి పరకాల నుంచి ఒక ఫొటో ఆయన వచ్చేవాడు. మెడలో కెమెరా, దాని నెత్తిన అరచేయంత ఫ్లాషు. అందులో నాలుగు పెన్సిల్ సెల్లులు. ఒక ఫొటో తీశాక అది 'కీఁ...' అని సన్నగా కూస్తుంది, ఆ కూత ఆగి వెనకాల చిన్న ఎర్రలైటు వెలిగేదాకా పెళ్ళికొడుకు తలంబ్రాలు చేతిలో పట్టుకుని కదలకుండా ఉండాలి. పిల్లలం ఆయన వెనకే తిరిగేవాళ్ళం, పెళ్ళి చూడ్డానికి కాదు, ఆ కూత వినడానికి. ఆ కూతేమిటో ఇంజనీరింగులో చేరాక తెలిసింది. ఆరు వోల్టుల్ని మూడొందల వోల్టులకి పెంచి కెపాసిటర్ నింపే సర్క్యూటు పాడే పాట అది. ఒక సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ఆయన ఫ్లాషు లెన్సుకి జానెడు ఎత్తున ఉండేది. ఇంకా మంచి ఫొటో కావాలంటే దాన్ని సీలింగు వైపు తిప్పి కొట్టేవాడు.

1975లో జపాన్ వాళ్ళ కోనికా కంపెనీ, ఫ్లాషుని చిన్న కెమెరా లోపలికే ఎక్కించింది. జేబులో పెట్టుకుపోవచ్చు. అందరూ సంతోషించారు గానీ, అలాంటి కెమెరాలు ఇల్లిల్లూ చేరేకొద్దీ ఒక పీడ పట్టుకుంది. ఫొటోల్లో మనుషుల కళ్ళు దయ్యాల్లాగా ఎర్రగా రావడం!

దీనికి జవాబు ఎప్పుడో 1851లోనే ఉంది. కంటిపాప నల్లగా ఎందుకు కనిపిస్తుంది? జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ అనే శాస్త్రవేత్త ఈ ప్రశ్న పట్టుకున్నాడు. కంట్లోకి వెళ్ళిన వెలుగు వెనకపొరని తాకి, ఏ దారిన వెళ్ళిందో దాదాపు అదే దారిన తిరిగొస్తుంది. అంటే దీపం ఉన్న చోటికే వస్తుంది. మన కన్ను దీపం ఉన్న చోట ఉండదు కాబట్టి మనకి నలుపే కనిపిస్తుంది. దీపాన్నీ చూసే కన్నునీ ఒకే దారిలో పెడితే? కంటి లోపలి గోడ కనబడుతుంది! ఆయన చేసిన ఆ పరికరం పేరు ఆఫ్తల్మోస్కోపు. ఈనాటికీ కంటి డాక్టరు చేతిలో ఉండేది దాని వంశమే.

అదన్నమాట సంగతి. ఫ్లాషుని లెన్సు పక్కకి జరిపేకొద్దీ కెమెరా తనకి తెలియకుండానే ఆఫ్తల్మోస్కోపు అయిపోతోంది. ఆ ఎరుపు కంటి వెనకపొర రంగు, అందులోని రక్తం రంగు. కెమెరా కంపెనీలు మాత్రం దీన్ని తప్పుగానే చూశాయి. అసలు ఫ్లాషుకి ముందు ఒకటి రెండు చిన్న మెరుపులు మెరిపించి పాప ముడుచుకునేలా చేయడం, అప్పటికీ ఎరుపు వస్తే కంప్యూటర్లో తుడిచేయడం.

ఇక ఎల్ఈడీ కథ. ఎరుపు, ఆకుపచ్చ ఎల్ఈడీలు ఎప్పటినుంచో ఉన్నాయి. నీలం సరిగ్గా కుదరక తెల్ల వెలుగు రాలేదు. 1993లో జపాన్‌లో నిచియా కంపెనీలో పనిచేసే నకమురా కాంతివంతమైన నీలం ఎల్ఈడీ చేశాడు. దాని మీద పసుపు ఫాస్ఫరు పూస్తే తెల్ల దీపం. 1996 కల్లా అది బజారుకొచ్చింది. నీలం ఎల్ఈడీకి 2014లో అకసాకి, అమనో, నకమురాలకి నోబెల్ వచ్చింది.

మా ఊరికి ఎల్ఈడీ కెమెరాతో రాలేదు. 2003లో వచ్చిన నోకియా 1100తో వచ్చింది. కెమెరానే లేని ఫోను అది, నెత్తిన టార్చి మాత్రం ఉంది. వ్యవసాయానికి కరెంటు అర్ధరాత్రి ఇచ్చే రోజులవి. రెండింటికి లేచి మోటరు వేయడానికి చేను గట్టు మీద నడిచే రైతుకి పాము కనబడాలంటే ఆ చుక్క వెలుగే దిక్కు. మాట్లాడ్డానికి కొన్నవాళ్ళెంతమందో, టార్చికి కొన్నవాళ్ళెంతమందో! మా నాన్న కచ్చితంగా రెండో రకం.

తర్వాత కెమెరా ఫోన్లు వచ్చాయి. 2005లో సోనీ ఎరిక్సన్ కె750ఐ, 2006లో నోకియా ఎన్73 ఎల్ఈడీతో వచ్చాయి. 2006లోనే కె800ఐ, 2007లో నోకియా ఎన్82 అసలైన జెనాన్ ఫ్లాషుతో వచ్చాయి. వెలుగులో పోటీయే లేదు. జెనాన్ గది మొత్తాన్ని వెలిగిస్తే, ఎల్ఈడీ రెండు మీటర్లు దాటితే కొవ్వొత్తి. అయినా గెలిచింది ఎల్ఈడీయే. జెనాన్‌కి లావుపాటి కెపాసిటర్ కావాలి, మూడొందల వోల్టులు కావాలి. ఎల్ఈడీకి బ్యాటరీలో ఉన్న 3.7 వోల్టుల్ని కాస్త పైకి నెట్టే చిన్న చిప్పు చాలు. ఇంకో మెలిక కూడా ఉంది. ఫోను సెన్సరు బొమ్మని ఒక్కసారిగా కాకుండా వరస తర్వాత వరసగా చదువుతుంది. సెకనులో వెయ్యో వంతు కూడా ఉండని జెనాన్ మెరుపు అందులో కొన్ని వరసలకే తగిలే ప్రమాదం ఉంది, దాన్ని తప్పించడానికి అదనపు ఏర్పాటు కావాలి. ఎల్ఈడీ బొమ్మ మొత్తం చదివేదాకా వెలిగే ఉంటుంది. పైగా వీడియోకీ పనికొస్తుంది, టార్చీ అవుతుంది. 2010లో ఐఫోన్ 4 కూడా ఎల్ఈడీనే పెట్టుకున్నాక ఇక వాదన దాదాపు ముగిసిపోయింది.

ఈ గెలుపులో ఎవరూ పట్టించుకోనిది దూరం. పరకాల ఫొటో ఆయన ఫ్లాషు లెన్సుకి పదిహేను సెంటీమీటర్ల పైన ఉందనుకోండి, రెండు మీటర్ల దూరంలో ఉన్న మనిషి కంటి దగ్గర ఆ రెంటి మధ్య కోణం నాలుగు డిగ్రీల పైమాటే. ఫోనులో ఎల్ఈడీ లెన్సుకి ఒక్క సెంటీమీటరు దూరం. కోణం 0.3 డిగ్రీలు. హెల్మ్‌హోల్ట్జ్‌కి ఇంతకన్నా ఏం కావాలి?

ఇప్పుడు నా సంగతి.

2007 వేసవిలో మా అక్క కూతురి మొదటి పుట్టినరోజు. మొగుళ్లపల్లి అప్పుడు వరంగల్ జిల్లాలో ఉండేది, భూపాలపల్లి జిల్లాలోకి వచ్చింది 2016లో. సాయంత్రం కేకు కోసే టయానికి కరెంటు పోయింది. (మా వైపే చెల్పూరులో థర్మల్ కేంద్రం కడుతున్నారు అప్పటికి, చీకట్లో కూర్చుని దాని గురించే మాట్లాడుకునేవాళ్ళం.) పిలిపించిన ఫొటో ఆయన తన పెద్ద ఫ్లాషుతో తీశాడు. నేను కొత్తగా కొన్న ఎల్ఈడీ ఫోనుతో ఓ పాతిక ఫొటోలు తీశాను. ఆయన ఫొటోల్లో పాప కళ్ళు నల్లగా, చక్కగా ఉన్నాయి. నా ఫొటోల్లో నాలుగింటిలో కుడికన్ను ఎర్రగా, ఎడమకన్ను తెల్లగా వచ్చాయి.

హైదరాబాదుకొచ్చి ఆ నాలుగూ కంప్యూటర్లో తెరిచాను. ఎర్రకన్ను తుడిచే టూలు నొక్కగానే కుడికన్ను నల్లబడింది. ఎడమకన్ను మాట వినలేదు. వినదు, సదరు ప్రోగ్రాం వెతికేది ఎర్రని గుండ్రటి మచ్చని, ఇక్కడున్నది తెలుపు. 'చవక ఎల్ఈడీ' అని ఫోనుని తిట్టుకుని, బ్రష్షు తీసుకుని నేనే నల్లగా పూశాను. బాగా పూశాను కూడా. ప్రింట్లు వేయించి అక్కకి పంపాను, అందరూ మెచ్చుకున్నారు.

2008 సంక్రాంతికి ఇంటికెళ్తే మా అమ్మ పాపని దీపం ముందు ఎత్తుకుని, "గీ పొల్లది ఎడమ కన్ను చూడురా, పిల్లి కన్నోలె మెరుస్తాంది" అంది. అప్పటిదాకా కనబడినవాళ్ళందరూ అదృష్టం అన్నారట. హనుమకొండలో కంటి డాక్టరు చూసి రెండు నిమిషాల్లో హైదరాబాదుకి చీటీ రాశారు. రెటినోబ్లాస్టోమా. కంటి వెనకపొరలో పుట్టే కాన్సరు. పదిహేను ఇరవై వేల మంది పిల్లల్లో ఒకరికి, సాధారణంగా అయిదేళ్ళ లోపే వస్తుంది. మన దేశంలో ఏటా పదిహేను వందల కొత్త కేసులని అంచనా. కంటి లోపల ఉండగానే పట్టుకుంటే ప్రాణానికి దాదాపు భయం లేదు. కన్ను దాటి మెదడు వైపు పాకితే కష్టం. ఎర్రటి వెనకపొర ముందు తెల్లటి గడ్డ అడ్డం నిలబడుతుంది కాబట్టి వెలుగు తెల్లగా తిరిగొస్తుంది. నా ఫోను చూసింది దాన్నే.

పాప ఎడమకన్ను తీసేశారు. ప్రాణం దక్కింది. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, పెట్టుడు కన్నని చెప్తే తప్ప ఎవరూ కనిపెట్టలేరు. ఆ ఎనిమిది నెలల ముందే వచ్చి ఉంటే కన్ను మిగిలేదా అని డాక్టరుని అడిగాను. చెప్పలేం అన్నారు. బ్రష్షు సంగతి అక్కకి చెప్పడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. విని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అసలు ఫొటోలు ఉన్నయా నీ దగ్గర?" అని అడిగింది. ఉన్నాయి. చూపించాను.

ఇలాంటి తండ్రి ఒకాయన అమెరికాలో ఉన్నాడు, బ్రయాన్ షా. టెక్సాస్‌లో బేలర్ యూనివర్సిటీలో కెమిస్ట్రీ ప్రొఫెసరు. కొడుకు నోవాకి 2008లోనే ఇదే జబ్బు బయటపడింది. ఆయన ఇంట్లో ఉన్న ఫొటోలన్నీ తిరగేసి, తెల్లమెరుపు మొదట ఏ రోజు కనిపించిందో వెతికాడు. పిల్లాడికి పన్నెండు రోజుల వయసున్నప్పటి ఫొటోలోనే ఉంది! తర్వాత కంప్యూటర్ సైన్సు వాళ్ళతో కలిసి ఫోనులోని ఫొటోల్ని జల్లెడపట్టే క్రేడిల్ అనే ఆప్ తయారుచేశాడు, 2014లో వచ్చింది. 2019లో వాళ్ళు ప్రచురించిన పరిశోధనలో, కంటి జబ్బున్న ఇరవై మంది పిల్లల్లో పదహారు మందికి ఆ ఆప్ పాత ఫొటోల్లో తెల్లమెరుపు పట్టింది. డాక్టరు చెప్పడానికి సగటున 1.3 ఏళ్ళ ముందటి ఫొటోల్లో. ఇక్కడ హైదరాబాదులో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళు ఈ తెల్లమెరుపు గురించి జనానికి తెలియాలని 'వైటథాన్' పేరుతో పరుగు నిర్వహిస్తుంటారు.

భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఫొటోలో కనబడ్డ ప్రతి తెలుపూ కాన్సరు కాదు. పిల్లలు పక్కచూపు చూస్తున్నప్పుడు కంటినరం మొదలు మీద వెలుగు పడినా తెల్లగానే వస్తుంది. పిల్లల్లో వచ్చే శుక్లాలూ కారణం కావచ్చు. మన గోధుమరంగు కళ్ళలో ఎరుపు కూడా మసగ్గానే వస్తుంది, అసలు రాకపోవచ్చు, రాకపోతే అంతా బాగున్నట్టూ కాదు. కానీ ఒకే కన్ను మళ్ళీ మళ్ళీ తెల్లగా వస్తుంటే ఫోనుని తిట్టకుండా కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. మెల్లకన్ను కనబడినా అంతే.

ఈ లోపల ఫ్లాషు చరిత్ర ఇంకో మలుపు తిరిగింది. 2018లో గూగుల్ 'నైట్ సైట్' తెచ్చింది. చీకట్లో వరసగా చాలా బొమ్మలు తీసి, కలిపి, ఒక్క మంచి బొమ్మ చేసే సాఫ్టువేరు. మిగతా కంపెనీలూ ఆ దారే పట్టాయి. ఎల్ఈడీ ఫోను వెనక అలాగే ఉంది గానీ ఇప్పుడది టార్చి మాత్రమే, నోకియా 1100 కాలానికి తిరిగెళ్ళినట్టు. ఇంజనీరుగా నాకు ఆ సాఫ్టువేరంటే గౌరవం. కానీ దీపం లేని చోట హెల్మ్‌హోల్ట్జ్ లేడు. కొన్ని ఫోన్లయితే ఫ్లాషు వేసినా కళ్ళ రంగు మనల్ని అడక్కుండానే సరిచేస్తాయి, నేను 2007లో చేసిన పనే.

అందుకని పండక్కి వెళ్ళినప్పుడు నేను ఫ్లాషుని 'ఆటో'లోంచి తీసి 'ఆన్'లో పెడతాను, ఎర్రకన్ను సరిచేసే ఆప్షన్ ఉంటే ఆపేస్తాను, గదిలో లైటు తగ్గిస్తాను. రెండు మీటర్ల నుంచి ఒకటి ఎదురుగా, ఒకటి కుడి నుంచి, ఒకటి ఎడమ నుంచి. మొన్న దసరాకి ఏడుగురు పిల్లలు. ఇరవై ఒక్క ఫొటోలు. పిల్లల్ని కదలకుండా పట్టుకుని నిలబెట్టే డ్యూటీ మా మేనకోడలిది, "ఇటు చూడుండ్రి, కండ్లు మూయొద్దు" అని.