మేధో వైకల్య క్రీడలు: అర్హత నిర్ధారణ – ఒక చారిత్రక పరిశీలన

మేధో వైకల్యం గల క్రీడాకారుల అంతర్జాతీయ పోటీలు రెండు మార్గాలలో వికసించాయి. 1968 జూలైలో యూనిస్ కెన్నెడీ ష్రైవర్ చొరవతో షికాగోలో మొదలైన స్పెషల్ ఒలింపిక్స్‌లో దాదాపు సమాన సామర్థ్యం గలవారి మధ్యనే పోటీ నిర్వహిస్తారు. అక్కడ పాల్గొనడానికే ప్రాధాన్యం. పారాలింపిక్స్‌లో అత్యుత్తమ ప్రదర్శనే ప్రమాణం. కనుక అర్హత నిర్ధారణ అక్కడ కీలకమైంది.

ఈ నిర్ధారణలోని లోపం 2000 సిడ్నీ క్రీడల అనంతరం బయటపడింది. బాస్కెట్‌బాల్‌లో స్వర్ణం గెలిచిన స్పెయిన్ జట్టులోని 12 మందిలో 10 మందికి మేధో వైకల్యం లేదని తేలింది. స్పెయిన్ పతకాలను కోల్పోయింది. అంతటితో ఆగక, అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీ ఆ విభాగాన్నే నిలిపివేసింది. 2004, 2008 క్రీడలలో వీరికి పతక పోటీలు లేవు. మోసానికి కారకులు వైకల్యం లేని ఆటగాళ్లు, నిర్వాహకులు. దాని ఫలితాన్ని దీర్ఘకాలం అనుభవించినవారు నిజమైన అర్హులు.

క్రీడా ప్రదర్శనపై వైకల్య ప్రభావాన్ని కూడా పరీక్షించే నూతన విధానం రూపొందిన తరువాత, 2012 లండన్‌లో అథ్లెటిక్స్, ఈత, టేబుల్ టెన్నిస్‌లలో మాత్రమే పునఃప్రవేశం లభించింది. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవంజి దీప్తి 2024 పారిస్‌లో టి20 విభాగపు 400 మీటర్ల పరుగును 55.82 సెకన్లలో ముగించి కాంస్యం సాధించారు. ఆ పునఃప్రవేశమే లేకుంటే ఆమెకు ఆ పోటీయే ఉండేది కాదు. నిషేధ కాలంలో అవకాశం కోల్పోయినవారి పేర్లు మాత్రం ఏ పతకాల పట్టికలోనూ కనిపించవు.