కారు ముందు అద్దం మార్పిడి

కారు ముందు అద్దం మార్పిడి అనగా పగిలిన లేదా పాడైన ముందు అద్దాన్ని తొలగించి దాని స్థానంలో కొత్త అద్దాన్ని అమర్చడం. ముందు అద్దాన్ని విండ్‌షీల్డ్ అనీ, విండ్‌స్క్రీన్ అనీ కూడా అంటారు. ఇది గాలిని, వానను, దుమ్మును అడ్డుకోవడమే కాక, డ్రైవరుకు దారి స్పష్టంగా కనబడేలా చేస్తుంది. ప్రమాదం జరిగినప్పుడు కారు పైకప్పుకు కొంత బలాన్నిస్తుంది. అందువలన కొత్త అద్దం కొలతలకు సరిపోతే చాలదు. గాజు నాణ్యత, రంగు, కాంతి ప్రసరణ, అతికించే విధానం కూడా సరిగా ఉండాలి.

నిర్మాణం

కార్లలో ప్రధానంగా రెండు రకాల భద్రతా గాజు వాడతారు. పక్క కిటికీలకు, వెనుక అద్దానికి ఎక్కువగా టెంపర్డ్ గాజు వాడతారు. దీనిని బాగా వేడిచేసి ఒక్కసారిగా చల్లబరచి గట్టిపరుస్తారు. పగిలినపుడు ఇది మొనలు లేని చిన్న చిన్న ముక్కలవుతుంది. ముందు అద్దానికి వాడేది లామినేటెడ్ గాజు, అంటే పొరల గాజు. ఇందులో రెండు పలుచని గాజు పలకల మధ్య పాలీవినైల్ బ్యుటిరాల్ అనే పారదర్శక ప్లాస్టిక్ పొర ఉంటుంది. సాధారణంగా ఒక్కొక్క పలక సుమారు 2 మిల్లీమీటర్లు, మధ్య పొర 0.76 మిల్లీమీటర్లు మందం ఉంటాయి. దెబ్బ తగిలినపుడు గాజు బీటలు వారినా ముక్కలు ఈ పొరకు అంటుకొని ఉంటాయి. లోపలివారు బయటకు విసిరివేయబడే ప్రమాదం కూడా తగ్గుతుంది.

చరిత్ర

పొరల గాజును ఫ్రాన్సు దేశానికి చెందిన ఎడువార్ బెనెడిక్టస్ రూపొందించాడు. 1903లో అతని ప్రయోగశాలలో కిందపడిన ఒక గాజు పాత్ర పగిలినా ముక్కలు చెదరలేదు. అందులో ఎండిపోయిన సెల్యులోజ్ నైట్రేట్ పొర వాటిని పట్టి ఉంచినదని అతడు గ్రహించాడు. 1909లో దీనికి పేటెంటు పొందాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయు రక్షణ ముసుగుల కళ్ళద్దాలకు ఈ గాజును వాడారు. తొలినాటి సెల్యులోజ్ పొరలు ఎండకు పసుపు రంగుకు మారేవి. 1930ల చివర పాలీవినైల్ బ్యుటిరాల్ వాడకం మొదలయ్యాక ఈ లోపం చాలావరకు తొలగింది.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వంటి పాత కార్లలో ముందు అద్దాన్ని రబ్బరు బీడింగుతో బిగించేవారు. ఇప్పటి కార్లలో పాలీయురితేన్ జిగురుతో నేరుగా బాడీకి అతికిస్తారు.

రంగు, కాంతి ప్రసరణ

గాజు మీద పడిన కాంతిలో ఎంత శాతం అవతలికి చేరుతుందో దానిని దృశ్య కాంతి ప్రసరణ అంటారు. చాలా కార్ల అద్దాలకు లేత ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. గాజులో కలిసిన ఇనుప ఆక్సైడు దీనికి కారణం. ఇది ఎండలోని పరారుణ కిరణాలను కొంత పీల్చుకొని లోపలి వేడిని తగ్గిస్తుంది. కొన్ని అద్దాల పై అంచున నీలం లేదా ఆకుపచ్చ పట్టీ కనిపిస్తుంది. ఈ రంగు గాజులో ఉండదు, మధ్య ప్లాస్టిక్ పొరలో ఉంటుంది.

మార్పిడిలో తరచు వచ్చే ఫిర్యాదు రంగు తేడా. పాత అద్దం ఆకుపచ్చ ఛాయది కాగా కొత్తది తెల్లనిదైతే, పక్క కిటికీలతో పోల్చినపుడు తేడా తెలుస్తుంది. ఎండలో కారు మరింత వేడెక్కుతుంది. దీనికి విరుగుడుగా పలువురు ఫిల్ము అతికిస్తారు. ఇక్కడ ఒక లెక్క గమనించాలి. గాజు, ఫిల్ముల ప్రసరణ శాతాలు కూడవు, గుణించబడతాయి. 76 శాతం కాంతిని పంపే గాజుకు 90 శాతం కాంతిని పంపే ఫిల్ము అతికిస్తే మొత్తం ప్రసరణ సుమారు 68 శాతానికి పడిపోతుంది. ఫిల్ము చూడడానికి దాదాపు పారదర్శకంగానే ఉన్నా, అద్దం 70 శాతం పరిమితికి దిగువకు చేరుతుంది. అదే గాజుకు 50 శాతం ఫిల్ము అతికిస్తే మిగిలేది 38 శాతమే.

పగటి వెలుతురులో ఈ లోటు అంతగా తెలియదు. మునిమాపు వేళ, వానలో, వీధి దీపాలు లేని దారిలో మాత్రం ముదురు బట్టలు వేసుకొని రోడ్డు దాటే మనిషిని డ్రైవరు ఆలస్యంగా గుర్తిస్తాడు. వయసు పెరిగేకొద్దీ కంటికి చేరే కాంతి తగ్గుతుంది కనుక వృద్ధులైన డ్రైవర్లకు ఈ ఇబ్బంది ఎక్కువ.

భారతదేశంలో నిబంధనలు

కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 100వ నియమం ప్రకారం ముందు, వెనుక అద్దాలకు కనీసం 70 శాతం, పక్క కిటికీలకు కనీసం 50 శాతం కాంతి ప్రసరణ ఉండాలి. కార్ల ముందు అద్దానికి పొరల భద్రతా గాజునే వాడాలి.

ఈ నియమం ఉన్నప్పటికీ నల్ల ఫిల్ముల వాడకం ఆగలేదు. అవిషేక్ గోయెంకా దాఖలు చేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీం కోర్టు 2012 ఏప్రిల్ 27న తీర్పునిచ్చింది. కాంతి ప్రసరణ శాతం ఎంతైనా సరే, వాహనాల అద్దాలకు నల్ల ఫిల్ములు అతికించరాదని, 2012 మే 4 నుండి దీనిని అమలు చేయాలని ఆదేశించింది. తయారీదారుడే పరిమితులకు లోబడి రంగు గాజు అమర్చితే అభ్యంతరం లేదని పేర్కొంది.

తరువాత 100వ నియమాన్ని సవరించి, భారతీయ ప్రమాణానికి లోబడిన ప్లాస్టిక్ పొర గల గ్లేజింగును 2021 ఏప్రిల్ 1 నుండి అనుమతించారు. దీని ఆధారంగా 2024లో కేరళ హైకోర్టు, సవరించిన నియమానికి అనుగుణమైన ఫిల్ములు వాడినందుకు జరిమానా విధించరాదని తీర్పునిచ్చింది. 70, 50 శాతం పరిమితులు మాత్రం అలాగే ఉన్నాయి.

నాణ్యతా లోపాలు

* వంకర దృశ్యం: గాజును వేడిచేసి వంచేటపుడు హెచ్చుతగ్గులు ఏర్పడితే అద్దం గుండా చూసిన వస్తువులు అలలుగా కనిపిస్తాయి. తల నెమ్మదిగా అటూ ఇటూ కదుపుతూ కరెంటు స్తంభం వంటి నిటారైన వస్తువును అద్దంలోంచి చూస్తే ఈ లోపం తెలుస్తుంది.
* జంట ప్రతిబింబం: రెండు పలకలు సమాంతరంగా లేకపోతే రాత్రివేళ ఎదుటి వాహనపు ఒక్కొక్క దీపం రెండుగా కనిపిస్తుంది.
* పొరలు విడిపోవడం: అంచుల వద్ద పాలవంటి తెలుపు లేదా బుడగలు ఏర్పడతాయి. పొరల మధ్య గాలి మిగలడం, అంచుల నుండి తేమ చేరడం దీనికి కారణాలు.
* అమరని వంపు: కారు చట్రానికి సరిపోని అద్దాన్ని బలవంతంగా అతికిస్తే గాజులో ఒత్తిడి మిగిలి, కొంతకాలానికి దెబ్బ తగలకుండానే బీట వారవచ్చు.

అమరికలో జాగ్రత్తలు

పాత అద్దం కోసేటపుడు చట్రం రంగు గీసుకుపోతే ఆ గీతల వద్ద తుప్పు మొదలై జిగురు పట్టు సడలుతుంది. అందుకే ప్రైమరు పూసిన తరువాతే జిగురు వేయాలి. ఎక్కువగా వాడే పాలీయురితేన్ జిగురు గాలిలోని తేమతో గట్టిపడుతుంది. జిగురు తయారీదారు చెప్పిన సమయం పూర్తికాకుండా కారును రోడ్డెక్కించడం ప్రమాదకరం. చాలా కార్లలో ముందు సీటు ప్రయాణికుని ఎయిర్‌బ్యాగు విచ్చుకునేటపుడు ముందు అద్దానికి ఆనుతుంది. జిగురు గట్టిపడకపోతే అద్దమే ఊడిపోవచ్చు.

అద్దం చుట్టూ ఉండే నల్లని పింగాణీ పూత అలంకారం కోసం కాదు. అది జిగురును అతినీలలోహిత కిరణాల నుండి కాపాడుతుంది. అద్దం వెనుక కెమెరా ఉన్న కార్లలో మార్పిడి తరువాత ఆ కెమెరాను తిరిగి సరిచూడాలి. లోహపు పూత గల అద్దాలు రేడియో తరంగాలను అడ్డగిస్తాయి కనుక, ఫాస్టాగును తయారీదారుడు పూత లేకుండా వదిలిన చోటనే అతికించాలి.

కొనుగోలుదారు గమనించవలసినవి

అద్దం మూలన తయారీదారు పేరు, గాజు రకం, ప్రమాణపు గుర్తులు ముద్రించి ఉంటాయి. భారతీయ ప్రమాణం ఐఎస్ 2553 గుర్తు గానీ, ఐరోపా ఆమోదం సూచించే వలయంలోని ఈ అక్షరం గానీ ఉన్నదేమో చూడాలి. పాత అద్దం తొలగించక ముందే దాని మీది వివరాలను, రంగును, పై పట్టీని, వాన సెన్సరు స్థానాన్ని కొత్తదానితో పోల్చాలి. అతికించిన తరువాత తేడా కనిపెట్టినా, మళ్ళీ కోసి తీయడం చట్రానికి మంచిది కాదు. రాయి తగిలి ఏర్పడిన చిన్న మచ్చ డ్రైవరు చూపుకు అడ్డం కాకపోతే, రెజిన్ నింపి బాగుచేయించవచ్చు. భారత మోటారు బీమాలో గాజు భాగాలకు తరుగుదల కోత విధించరు.

ఇవి కూడా చూడండి

* గాజు
* మోటారు వాహనాల చట్టం
* ఎయిర్‌బ్యాగు