కుందేళ్ల లెక్క

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని వాదించు మొండివానిని గూర్చి తెలుగువారికి ఒక సామెత కలదు. కాళ్ల లెక్క చూచినంతనే తేలిపోవును. కుందేటి సంతానపు లెక్క అట్లు కాదు. అది రెండు వేల సంవత్సరములుగా మానవుని తికమక పెట్టుచున్నది. ఒక కుటుంబమునకు కావలసిన మాంసమునకై ఎన్ని తల్లి కుందేళ్లను పెంచవలెను? ఈ చిన్న ప్రశ్నకు సమాధానము చెప్పుటకు గణితము, జీవశాస్త్రము, చరిత్ర మూడును కావలెను.

ముందుగా ఒక సందేహమును తీర్చుకొనవలెను. తూర్పు కనుమలలోను, చేలగట్లపైనను కనిపించు అడవి కుందేలు పెంపుడు కుందేటికి దూరపు బంధువు మాత్రమే. అది బొరియలు త్రవ్వదు. దాని పిల్లలు బొచ్చుతో, తెరచిన కన్నులతో పుట్టును. దాని కణములో 48 క్రోమోజోములుండగా, పెంపుడు కుందేటి కణములో 44 మాత్రమే కలవు. వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అడవి కుందేటిని వేటాడుట నేరము. పెంపుడు కుందేటి పుట్టినిల్లు స్పెయిన్, పోర్చుగల్ దేశములు. దాని పిల్లలు బొచ్చు లేక, కన్నులు తెరవక పుట్టును.

రోమనులు కుందేళ్లను మాంసమునకై ఆవరణములలో పెంచిరి. క్రీ. పూ. మొదటి శతాబ్దిలో వర్రో తన వ్యవసాయ గ్రంథమున ఆ పద్ధతిని వర్ణించెను. ఆవరణము లేనిచోట కథ వేరు. బాలియారిక్ ద్వీపవాసులు తమ పంటలను నాశనము చేయుచున్న కుందేళ్లను అణచుటకై ఆగస్టస్ చక్రవర్తిని సైన్యసహాయము కోరిరని ప్లినీ వ్రాసెను.

ఈ పెరుగుదలను అంకెలలో పెట్టిన ప్రసిద్ధ గణితజ్ఞుడు ఇటలీలోని పీసా నగరవాసియగు ఫిబొనాచి. 1202లో వెలువడిన తన గ్రంథములో ఆయన ఒక సమస్యను చేర్చెను. ఒక జత కుందేళ్లు నెలకొక జతను కనును. పుట్టిన జత రెండవ నెలనుండి తానును కనుట మొదలిడును. ఏడాదికి ఎన్ని జతలగును? సమాధానము 377. ఏ నెలలోనైనను జతల సంఖ్య, దానికి ముందరి రెండు నెలల సంఖ్యల మొత్తమునకు సమానము.

ఈ సంఖ్యలు భారతీయులకు అంతకుముందే తెలిసినవి. విరహాంకుడును, 12వ శతాబ్దిలో హేమచంద్రుడును ఛందశ్శాస్త్రమున వీనిని వివరించిరి. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. మూడు మాత్రలను మూడు విధములుగను, నాలుగు మాత్రలను అయిదు విధములుగను, అయిదు మాత్రలను ఎనిమిది విధములుగను కూర్పవచ్చును. కందపద్యమున వచ్చు గగ, భ, జ, స, నల అను అయిదు గణములు ఆ నాలుగు మాత్రల కూర్పులే.

ఫిబొనాచి కుందేళ్లు చావవు, మేత కొరతను ఎరుగవు. ఆ లెక్క కాగితముపై అందముగా నుండును గాని నేలపై చెల్లదు. మేత, చోటు విస్తారముగా దొరికినచో ఏమగునో ఆస్ట్రేలియా చూపినది. 1859లో థామస్ ఆస్టిన్ అను భూస్వామి వేట వినోదమునకై ఇంగ్లండునుండి 24 కుందేళ్లను విక్టోరియా రాష్ట్రమునకు తెప్పించెను. సుమారు అర్ధశతాబ్దిలో వాని సంతతి ఖండమున అధికభాగమునకు వ్యాపించి పచ్చిక బయళ్లను హరించినది. కంచెలు ఆపలేకపోయినవి. తుదకు 1950లో మిక్సొమటోసిస్ అను వ్యాధిని కలిగించు వైరసును విడువవలసివచ్చెను.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున బ్రిటనులో పరిస్థితి దీనికి విరుద్ధము. 1940లో మాంసమునకు రేషను విధింపబడినది. కుందేటి మాంసము మాత్రము అందులో చేరలేదు. ప్రజలు సంఘములుగా ఏర్పడి పెరళ్లలో కుందేళ్లను పెంచిరి. అక్కడ మేతయే కొరత. కావున పిల్లలెన్ని పుట్టునని గాక, ఎన్నింటిని మేపగలమని లెక్కింపవలసివచ్చెను. ఇంటి పెంపకమునకు సరియైన మార్గము ఇదియే.

భారతదేశమున 1962లో రాజస్థాన్‌లోని అవికానగరమున స్థాపింపబడిన కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ తరువాత కుందేళ్లపై కూడ పరిశోధనలు సాగించినది. దాని దక్షిణ కేంద్రము తమిళనాడున కొడైకెనాల్ కొండలలోని మన్నవనూరులో కలదు. కొండల చల్లదనము కుందేటికి హితము. బెల్లమునకు పేరుపొందిన అనకాపల్లి సముద్రతీరమునకు చేరువనున్న పల్లపు ప్రాంతము. అక్కడి వేసవి కుందేటికి కష్టకాలము. కుందేటికి చెమట పట్టదు. ఒంటి వేడిని ముఖ్యముగా చెవులద్వారా వెలికి పంపును. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటి నిలిచినచో మగ కుందేటి వీర్యశక్తి సన్నగిల్లును.

ఇక అనకాపల్లిలోని ఒక కుటుంబము వారమునకు సగటున ఒక కుందేటిని, అనగా ఏడాదికి 52 కుందేళ్లను కోరినదనుకొందము. ఆడ కుందేలు జతకూడిన పిమ్మటనే అండమును విడుదల చేయును. కావున ఈనిక సమయమును యజమానియే నిర్ణయింపగలడు. చూలు సుమారు 31 దినములు, పాలు ఇచ్చు కాలము 42 దినములు, విశ్రాంతి 17 దినములు. మొత్తము 90 దినములు. చల్లని తావున ఏడాదికి నాలుగు ఈనికలు లభించును. ఈతకు అయిదు పిల్లలు దక్కునని గ్రహించినచో తల్లికి 20 పిల్లలు. మూడు తల్లులు చాలును. అనకాపల్లిలో ఏప్రిల్, మే, జూన్ నెలలు విడిచినచో మూడు ఈనికలే మిగులును. తల్లికి 15 పిల్లలు. కావున నాలుగు తల్లులు, ఒక పోతు కావలెను. ఎండకు చెల్లింపవలసిన మూల్యము ఒక తల్లి కుందేలు!

ఈ నాలుగు తల్లులకు ఏడాదికి 60 పిల్లలు దక్కును. పన్నెండు వారములకు పిల్ల సుమారు రెండు కిలోలు తూగును. అందులో సగము మాంసము. సగటున ఏ సమయముననైనను 14 పిల్లలు బోనులలో నుండును. ఏప్రిల్‌లో ఆపిన జత ఫలితము వంటింటిలో ఆగస్టున కనిపించును. ఆ కొరతను ముందే ఎరిగియుండవలెను. ముసలి తల్లుల స్థానమున ఏటేట ఒకటి రెండు పడుచు కుందేళ్లను నిలుపుకొనవలెను. పోతును మాత్రము వేరొక మందనుండి తేవలెను.

పుట్టిన ముప్పది ఆడపిల్లలను జాలిచేతనో, ఆశచేతనో తల్లులుగా నిలుపుకొన్నచో? 34 తల్లులనుండి మరుసటి సంవత్సరమున 510 పిల్లలు! ఆ ఇంటి పెరడు వానిని మేపజాలదు. పుట్టుకల లెక్క ఫిబొనాచి వలె ముందుకు పోవును. గృహస్థుని లెక్క మాత్రము కంచము దగ్గర మొదలై, మేత మీదుగా, తల్లి కుందేటి వద్దకు వెనుకకు నడువవలెను.