వేసవి క్లాసులకు నంద్యాల: ఫీజు ఒక్కటే ఖర్చు కాదు

ఇంటర్, డిగ్రీ పరీక్షలు అయిపోగానే ఆళ్లగడ్డ, శిరివెళ్ల వైపు పిల్లలు వేసవి క్లాసుల కోసం నంద్యాల చూస్తారు. బ్యాంకు పరీక్షల కోచింగ్‌కు నంద్యాల పేరున్న ఊరు. ఈఏపీసెట్, ట్యాలీ, స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులూ దొరుకుతాయి. ఇంట్లో లెక్క మాత్రం చాలాసార్లు ఫీజు దగ్గరే ఆగిపోతుంది. హాస్టల్, బస్సు, తిండి కూడా కలిపితేనే అసలు ఖర్చు తెలుస్తుంది. చివరికి అబ్బాయిని పంపి అమ్మాయిని ఆపాలా అనే ప్రశ్న కూడా ఈ లెక్క మీదే తేలుతుంది.

ఫీజు

ప్రైవేటు కోచింగ్ మీద 18 శాతం జీఎస్టీ ఉంది. ఫీజు 10,000 రూపాయలు అని చెబితే అందులో జీఎస్టీ కలిసిందా, విడిగానా అని ముందే అడగాలి. విడిగా అయితే కట్టాల్సింది 11,800. ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటని చిన్న సెంటర్లకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు ఆ పేరుతో డబ్బు తీసుకోకూడదు. రసీదు మీద జీఎస్టీ నంబరు ఉందో లేదో చూస్తే సంగతి తెలిసిపోతుంది. మెటీరియల్, ఆన్‌లైన్ టెస్టులు ఫీజులోనే ఉన్నాయా అన్నదీ కనుక్కోవాలి.

హాస్టల్

నెల అద్దె ఒక్కటే చూస్తే సరిపోదు. అడ్వాన్సులో ఎంత తిరిగిస్తారు, మెయింటెనెన్స్ పేరుతో ఎంత పట్టుకుంటారు అన్నది కాగితం మీద రాయించుకోవాలి. 2024 జులై నుంచి నెలకు 20,000 రూపాయల లోపు అద్దె ఉన్న హాస్టళ్లకు జీఎస్టీ మినహాయింపు ఉంది. కానీ కనీసం 90 రోజులు వరుసగా ఉంటేనే. రెండు నెలల వేసవి క్లాసుకు వచ్చినవాళ్లకు అది వర్తించదు. అందుకే బిల్లు మొత్తం ఎంతవుతుందో చేరేముందే అడగడం మంచిది.

తిండి సంగతి మన ఇళ్లకు ముఖ్యం. మెస్‌లో మాంసం హలాల్ కాకపోతే ఆ రోజుల్లో పిల్లలు బయట తింటారు. మెస్ డబ్బు పోతుంది, హోటల్ ఖర్చు పైన పడుతుంది. పండగ సెలవులూ లెక్కలోకి రావాలి. 2026లో బక్రీద్ మే చివరి వారంలోనే, అంటే క్లాసులు జరిగే రోజుల్లోనే.

రోజూ వెళ్లి రావడం

ఆళ్లగడ్డకు రైలు లేదు. 40వ నంబరు జాతీయ రహదారి మీద నంద్యాల సుమారు 40 కిలోమీటర్లు. వారానికి 6 రోజుల చొప్పున 8 వారాలంటే 48 రోజులు, రానుపోను 3,840 కిలోమీటర్లు. అబ్బాయికి ఈ ఛార్జీ అంతా చేతి నుంచే. కాలేజీ పాస్ కోచింగ్‌కు చెల్లుతుందా అని డిపోలో అడిగి తెలుసుకోవాలి.

అమ్మాయిల విషయంలో లెక్క మారింది. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకంలో పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపితే ఛార్జీ లేదు. జీరో టికెట్ తీసుకుంటే చాలు. సూపర్ లగ్జరీ లాంటి వాటికి ఇది వర్తించదు. హాస్టల్‌లో పెట్టాలి కాబట్టి ఆడపిల్ల చదువుకు ఖర్చెక్కువ అనే మాట, ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకైతే ఇక నిలవదు. ఉదయం బ్యాచ్ దొరికితే ఎండ ముదరకముందే తిరుగు బస్సు ఎక్కొచ్చు.

మధ్యలో మానేస్తే

కేంద్ర విద్యాశాఖ 2024 జనవరి మార్గదర్శకాల ప్రకారం మొత్తం ఫీజు కట్టిన విద్యార్థి మధ్యలో మానేస్తే, మిగిలిన రోజుల డబ్బు 10 రోజుల్లో తిరిగివ్వాలి. సెంటర్ సొంత హాస్టల్ అయితే హాస్టల్, మెస్ డబ్బు కూడా. కోర్సు నడుస్తుండగా ఫీజు పెంచకూడదు. 16 ఏళ్ల లోపు పిల్లల్ని చేర్చుకోకూడదు. అయినా కాగితం లేకపోతే అడగడం కష్టం. ప్రతి చెల్లింపుకూ రసీదు దాచుకోవాలి, వీలైతే వాయిదాల్లో కట్టాలి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

ఖర్చు లేని దారులు

మైనారిటీ విద్యార్థులకు ప్రభుత్వం ఉచిత కోచింగ్ కూడా నడుపుతుంది. ఆ వేసవికి ఏ బ్యాచ్ ఉందో జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయంలో అడగాలి. డిగ్రీ పిల్లలకు కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్‌లో పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు మాత్రం ఉంటుంది. ఆ క్రెడిట్లు మీ డిగ్రీలో కలుపుతారా అని కాలేజీలో ముందే కనుక్కోండి.

బంగారం తాకట్టు పెట్టి, వడ్డీకి తెచ్చి ఫీజు కట్టేముందు ఇవన్నీ ఒక కాగితం మీద వేసి చూడాలి. ఒకవైపు హాస్టల్ మొత్తం, ఇంకోవైపు రోజూ వెళ్లొచ్చే ఖర్చు. ఇంట్లో అమ్మాయి, అబ్బాయి ఇద్దరూ ఉంటే ఇద్దరికీ వేరువేరుగా వేయాలి.