తాళం వేయని ఆటలు

ఆటలకు కంప్యూటర్ మేలా, కన్సోల్ మేలా అన్న చర్చ మొదలైతే మాట గ్రాఫిక్స్ కార్డు దగ్గరో, ధర దగ్గరో ఆగిపోతుంది. రెండూ ఐదారేళ్లకోసారి తారుమారయ్యే లెక్కలే. 2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ రెండింటిలోనూ పీసీల్లో ఉండే ఎక్స్86 తరహా ప్రాసెసరే ఉంది. లోపలి సరంజామా అంత దగ్గరైనా తేడా చెరిగిపోలేదు. కంప్యూటర్ మీద ఆట ఆడే యంత్రం, ఆట తయారుచేసే యంత్రం ఒకటే. కన్సోల్ మీద అవి రెండు వేరు. ఈ చిన్న తేడా ఆటల చరిత్రను ఎంత దూరం నడిపించిందో చాలామంది గమనించరు.

1961లో అమెరికాలోని ఎంఐటీకి పీడీపీ-1 అనే కంప్యూటర్ వచ్చింది. ధర సుమారు 1,20,000 డాలర్లు. దాని తెర మీద స్టీవ్ రస్సెల్, ఆయన మిత్రులు 1962లో ‘స్పేస్‌వార్’ అనే ఆట నడిపారు. రెండు నౌకలు, ఒకదాని మీద ఒకటి టార్పెడోలు వేసుకోవడం, అంతే. వెనకాల ఆకాశంలో చుక్కలు ఎలా పడితే అలా ఉండేవి. పీటర్ సామ్సన్‌కు అది నచ్చలేదు. అసలు ఆకాశపటం చూసి, నక్షత్రాలు వాటి వాటి చోట్లలో, వాటి ప్రకాశాన్ని బట్టి కనిపించేలా వేరే ప్రోగ్రాం రాసి ఆటలో కలిపాడు. డాన్ ఎడ్వర్డ్స్ గురుత్వాకర్షణ చేర్చాడు. దాంతో తెర మధ్యనున్న సూర్యుడు నౌకల్ని తనవైపు లాగడం మొదలుపెట్టాడు. అలన్ కోటాక్, బాబ్ సాండర్స్ ఆడేవాళ్ల చేతికి మీటల పెట్టెలు చేసిచ్చారు. వీళ్లంతా ఆ ఆట ఆడినవాళ్లే. లోపం కనబడితే సరిచేసుకోవడం ఆటలో భాగమనే అనుకున్నారు.

ఇళ్లలోకి వచ్చిన టీవీ ఆటల పెట్టెలది వేరే దారి. 1972లో మాగ్నవాక్స్ ఒడిస్సీ, 1977లో అటారీ వీసీఎస్ వచ్చాయి. అటారీ విజయం చూసి దానికి కార్ట్రిడ్జులు చేసే కంపెనీలు పుట్టుకొచ్చాయి, నాసిరకం ఆటలు కుప్పలుగా పడ్డాయి. 1983లో అమెరికా మార్కెట్ కుప్పకూలింది. సుమారు 320 కోట్ల డాలర్లున్న అమ్మకాలు రెండేళ్లలో 10 కోట్లకు పడిపోయాయి. ఆ శిథిలాల మీద నింటెండో 1985లో అక్కడికి తన యంత్రాన్ని తెచ్చింది. దాంట్లో ఒక తాళపు చిప్ ఉంది. కార్ట్రిడ్జ్‌లోని జంట చిప్ సరైన జవాబు ఇస్తేనే ఆట నడుస్తుంది. అనుమతి పొందిన కంపెనీ ఏడాదికి అయిదు ఆటలే విడుదల చేయాలి, కార్ట్రిడ్జులు నింటెండోయే తయారుచేయాలి. ఈ కట్టడిని తప్పుపట్టడం న్యాయం కాదు. చచ్చిపోయిన వ్యాపారాన్ని బతికించింది అదే. కానీ ఆడే పిల్లవాడికీ ఆట లోపలి పనితనానికీ మధ్య ఆ రోజే గోడ లేచింది. జపాన్‌లో అమ్మిన ఇదే యంత్రం రూపమైన ఫ్యామికామ్‌లో ఈ చిప్ లేదు. 1990లలో మన ఊళ్లలో టీవీకి తగిలించి ‘క్యాసెట్లు’ మార్చి మార్చి ఆడిన చౌక పెట్టెలు ఆ ఫ్యామికామ్ నకళ్లే.

కంప్యూటర్ మీద తలుపు తెరిచే ఉంది. దాన్ని మరింత బార్లా తెరిచింది ‘డూమ్’ అనే ఆట. టెక్సస్‌లోని ఇడ్ సాఫ్ట్‌వేర్ 1993 డిసెంబర్ 10న దీన్ని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం సర్వర్‌లో పెట్టింది. మొదటి తొమ్మిది స్థాయిలు ఉచితం, మిగతావి కావాలంటే కొనుక్కోవాలి. అంతకుముందు ఏడాది వచ్చిన ‘వోల్ఫెన్‌స్టైన్ 3డీ’ ఫైళ్లను కొందరు అభిమానులు ఎవరూ చెప్పకుండానే విప్పి బొమ్మలు మార్చేశారు. అది చూసి ముచ్చటపడిన ఇడ్ ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ డూమ్‌ను అందుకు వీలుగానే కట్టాడు. ఆటను నడిపే ఇంజిన్ ఒకవైపు, గోడలు, రాక్షసులు, చప్పుళ్లు ఉండే ‘వాడ్’ ఫైల్ ఇంకోవైపు. మనం చేసిన చిన్న వాడ్ ఫైల్ పేరును ఆట మొదలుపెట్టే ఆదేశం పక్కన చేర్చితే చాలు, పటం మీద పరిచిన పారదర్శక కాగితంలా అది అసలు ఫైల్ మీద కూర్చుంటుంది. అసలుది చెక్కుచెదరదు. తీసేస్తే పాత ఆట మళ్లీ ప్రత్యక్షం.

రెండు నెలలు తిరక్కుండానే, 1994 జనవరిలో, న్యూజీలాండ్ విద్యార్థి బ్రెండన్ వైబర్ మరికొందరితో కలిసి స్థాయిలు గీసుకునే ఎడిటర్ విడుదల చేశాడు. 1996లో టీమ్‌టీఎన్‌టీ అనే అభిమానుల బృందం చేసిన 32 స్థాయిలను ఇడ్ సంస్థే కొని ‘ఫైనల్ డూమ్’లో చేర్చి అమ్మింది. 1997 డిసెంబర్‌లో కార్మాక్ సోర్స్ కోడ్‌నే బయటపెట్టాడు. 1995లో సూపర్ నింటెండో కన్సోల్‌కూ డూమ్ వచ్చింది, కానీ ఆ కార్ట్రిడ్జ్‌లో సొంత గది ఒక్కటైనా కట్టుకునే వీలు లేదు.

తర్వాతి కథ ఈ బాటలోనిదే. ఇడ్ సంస్థదే అయిన ‘క్వేక్’ ఆట ఇంజిన్ ఆధారంగా వాల్వ్ సంస్థ 1998లో ‘హాఫ్-లైఫ్’ తెచ్చింది. మిన్ లే, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు విద్యార్థులు దాన్ని మార్చి 1999లో ‘కౌంటర్-స్ట్రైక్’ చేసి ఉచితంగా పంచారు. మరుసటి ఏడాది వాల్వే దాన్ని దుకాణాల్లో పెట్టింది. 2002 నాటి ‘వార్‌క్రాఫ్ట్ 3’తో పాటు వచ్చిన ఎడిటర్‌లో ఆటగాళ్లు అల్లిన పటం ‘డోటా’. దాని నుంచే 2009లో ‘లీగ్ ఆఫ్ లెజెండ్స్’, 2013లో ‘డోటా 2’ పుట్టాయి. ప్రపంచమంతా పోటీలు ఆడే ఈ ఆటలకు మూలం ఏ పెద్ద స్టూడియో ఆలోచనా కాదు, ఆటగాళ్ల చేతిపని. హైదరాబాద్ నెట్ సెంటర్లలో, ఇంజినీరింగ్ హాస్టళ్లలో కేబుళ్లు లాగి ఒక తరం ఆడింది ఈ కౌంటర్-స్ట్రైక్, డోటాలే. చదువు కోసమని కొన్న కంప్యూటరే రాత్రి ఆటకూ పనికొచ్చింది. దానికోసం మరో పెట్టె కొనే పని పడలేదు.

కంప్యూటర్ మీదా తాళాలు పడలేదని కాదు. వాల్వ్ 2003లో ఆటలను ఇంటర్నెట్ ద్వారా అందించే స్టీమ్ అనే సేవ మొదలుపెట్టింది. మరుసటి ఏడాది ‘హాఫ్-లైఫ్ 2’ డిస్క్ కొన్నవాళ్లు కూడా స్టీమ్ ఖాతా తెరిస్తేగానీ ఆట నడవలేదు. ఇప్పుడు మనం కొంటున్నది ఆటను కాదు, ఆడుకునే అనుమతిని. ఈ నష్టాన్ని తక్కువ చేసి చూడకూడదు. అయినా ఫైళ్లు మన డిస్క్ మీదే ఉన్నాయి, చాలా ఆటల్లో వాటిని విప్పి మార్చే దారీ ఉంది.

కన్సోల్ కంపెనీలూ దీని విలువ గ్రహించాయి, ఆలస్యంగా. 2016లో ‘ఫాల్అవుట్ 4’ ఆటగాళ్లు చేసిన మార్పులను ముందు ఎక్స్‌బాక్స్ వన్ మీదికి, తర్వాత ప్లేస్టేషన్ 4 మీదికి అనుమతించారు. ప్లేస్టేషన్‌లో మాత్రం షరతు ఉంది. ఆటలో అప్పటికే ఉన్న బొమ్మలు, చప్పుళ్లే వాడాలి, బయటివి ఒక్కటీ చేర్చకూడదు. ఆ మార్పులు చేసే ఎడిటర్ మాత్రం కంప్యూటర్ మీదే నడుస్తుంది.